బల్ల దగ్గర మన చోటు

లరియోన్ అన్నయ్యకు, మాస్కో నుంచి తమ్ముడు నుదురు నేలకానించి రాసుకునేది.

మీరు చెప్పినట్టే చేశాను. ఇన్నాళ్ళూ జార్ గారికి పళ్ళేలు మోసినందుకు మొన్న విందులో నాకూ కూర్చునే చోటిచ్చారు. అయితే అది నికీఫోర్ బావకు దిగువన. ఆయన తాత మన తాత కింద కొలువు చేసినవాడనీ, అక్కడ కూర్చుంటే మన వంశమే తగ్గిపోతుందనీ చెప్పి, బల్ల కిందికి జారిపోయాను. ఇద్దరు భటులు పైకి లాగి, విందు ముగిసేదాకా రెక్కలు పట్టుకుని కూర్చోబెట్టారు. కాల్చిన హంస మాంసం నా ముందే చల్లారింది.

బావను అవమానించినందుకు శిక్షగా, మర్నాడు నన్ను ఆయనకే అప్పగించమని ఆజ్ఞ అయింది. గుర్రమెక్కనివ్వకుండా వీధుల వెంట నడిపించి, ఆయన గుమ్మం ముందు నిలబెట్టారు. ఆనవాయితీ ప్రకారం నోటికొచ్చినట్టు తిట్టాను. ఆనవాయితీ ప్రకారమే ఆయన పడి ఊరుకున్నాడు. అంతా అయ్యాక, "గొంతెండిపోయుంటుంది, లోపలికి రారా," అన్నాడు.

ఉస్తీన్య అక్క మాత్రం తలుపుకి అడ్డంగా నిలబడింది. "నువ్వు తిట్టినవన్నీ నా పిల్లలు విన్నార్రా. అన్నయ్యకి అంత పౌరుషముంటే ఈసారి ఆయన్నే వచ్చి కూర్చోమను," అంది.

వచ్చే ఆదివారం మళ్ళీ విందు. చోటూ అదే. ఒంట్లో బాగాలేదంటే వైద్యుణ్ణి పంపుతారు. కూర్చుంటే మీ గడప తొక్కలేను, కూర్చోకపోతే అక్క గడప తొక్కలేను. ఏం చెయ్యమంటారో వెంటనే రాయండి.

మీరే వస్తే మరీ మంచిది. బల్ల కింద ఇద్దరికి చోటుంది.