పెన్న ఇసుకలో గోల్‌పోస్టులు

11 జూన్ 2006, ఆదివారం, కడప.

సాయంత్రం చూసింది మనసులో నుంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

గోవా బీచ్‌లో ఫుట్‌బాల్ ఆడి, మోకాలు దెబ్బతిన్నాక కోచ్‌గా మారిన నా మనవడు మధు, పిల్లలకు పెన్న ఇసుకలోనే ఆట నేర్పుతున్నాడు. గోల్‌పోస్టు వెనక ఇసుక ట్రాక్టర్లు తవ్విన గుంత నిన్నటికంటే దగ్గరికి వచ్చింది. బంతి కోసం ఒక పిల్లవాడు గుంతలోకి దిగితే అంచు జారి ఇసుక వాడి నడుము దాకా కప్పేసింది. మధు చెయ్యి పట్టి లాగాడు.

"ఇసుక మెత్తగుంటాది జేజీ, ఏం కాదులే."

"నువ్వాడిన సముద్రం కాడ రాత్రిపూట ట్రాక్టర్లు తోల్తాండ్రా అప్పా?"

పిల్లలు నవ్వారు. మధు విజిల్ ఊదాడు.

1. తెల్లవారేలోగా ఆ గోల్‌పోస్టులు పీకించాలి.
2. మధుకు కోపం వచ్చినా, పిల్లల తల్లులకు నేనే చెప్పాలి.
3. ట్రాక్టర్లు ఆగాలి. ఏటి వైపు నుంచి చప్పుడు ఇప్పుడూ వినిపిస్తోంది.