వైరు ఇప్పుడు వెంటనే ఆగుతుంది

ఏమండీ, అక్కకు ఆయాసం ఎక్కువైందని కబురొచ్చింది, వెళ్తున్నాను. కూర పొయ్యి మీదే ఉంది.

వెల్డింగ్ మిషన్‌లో, కరిగి అతుకయ్యే వైరును తోసే మోటారు బోర్డు బాగుచేశాను. ఒకచోట టంకం వదిలేసింది. మీరు సుత్తితో తట్టినప్పుడల్లా అది అంటుకుని కాసేపు నడిచేది, దాన్ని మీరు మీ పనితనం అనుకునేవారు. ఇక తట్టకండి.

మోటారును టక్కున ఆపే చిన్న రిలే కూడా పెట్టాను. బటన్ వదలగానే వైరు ఆగిపోతుంది, మునుపటిలా అంగుళం బయటికి రాదు. ఆ అంగుళం లెక్కేసుకుని మీరు బటన్ ముందే వదిలేస్తారు కదా, ఇప్పుడలా వదిలితే అతుకు చివర బలం ఉండదు. సాయంత్రం బిగించేది బడి మెట్ల రెయిలింగు. పిల్లలు దానికి వేలాడతారు. ముందు పాత ఇనుప ముక్క మీద చెయ్యి అలవాటు చేసుకోండి.

నిన్నంతా దాని ముందే నడుం వంచి కూర్చున్నాను. "అయిందా?" అని పదేపదే అడిగారు గానీ, "తిన్నావా?" అని ఒక్కసారీ అడగలేదు.

ఒకటి చెప్పడం మరిచాను. స్విచ్ వేసేముందు దేవుడికి దండం పెట్టుకున్నాను. మిషన్ల సంగతి కూడా ఆయన్ని అడగొచ్చా అని నాకు సందేహమే. మీ కళ్ళ కోసం మాత్రం రోజూ అడుగుతున్నాను. ముసుగు పెట్టుకోండి, అది కూడా ఆయన మీదే వదిలేయకండి.