గడప తీసిన ఇల్లు

లింగాల ఘనపూర్ మండలం
26 సెప్టెంబర్, 2011

మా ఓదెమ్మక్కకు,

నీ కాళ్ళు మొక్కుతున్నానని రాయడం నాకిప్పుడు సులువు. రెండేళ్ళుగా నేల మీదే ఉంటున్నాను కదా, వంగే పని కూడా లేదు. నవ్వు అక్కా, నవ్వమనే రాశాను. నువ్వుండే గోదావరి ఒడ్డుకు ఫోన్ అందదు. అందినా ఇది నా పెళ్ళాం సారక్క వింటుండగా చెప్పే మాట కాదు. సకల జనుల సమ్మెతో బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బడులు బంద్. పోస్టు ఒక్కటే నడుస్తోంది, అది ఢిల్లీ వాళ్ళదట. ఎన్నడో ఒకనాడు ఈ ఉత్తరం నీకు చేరుతుంది.

నేను తాటిచెట్టు మీద నుంచి పడి కాళ్ళు చచ్చుబడినప్పుడు గీత కార్మికుల సంఘం ఇచ్చింది దవాఖానకే సరిపోయిందని నీకు తెలుసు. పోయిన ఏడు జనగామలో ఎవరో దాతలు క్యాంపు పెట్టి నాకు చక్రాల కుర్చీ ఇచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి మన ఇంటి గడపే. జానెడు ఎత్తు గడప, దాని ముందు రెండు మెట్లు, ఇరుకు తలుపు. అందుకని కుర్చీ బయట చూరు కింద ఉంటుంది, నేను లోపల పాకుతుంటాను. సారక్క నన్ను చంకల కింద పట్టి ఎత్తి గడప దాటించి కుర్చీలో కూర్చోబెడుతుంది. మళ్ళీ లోపలికి అట్లాగే, రోజుకు నాలుగైదు సార్లు. శ్రావణంలో నన్ను మోస్తూ గడపకు తట్టుకుని పడింది. ఆ నడుము నొప్పి ఇంకా తగ్గలేదు. ఇంకోసారి పడితే ఆమె కూడా మంచాన పడుతుందని డాక్టరు అన్నాడు. "నువ్వు బరువు గాదు, గీ గడపనే బరువు" అంటుంది నా పెళ్ళాం. దాని మీద మనల్ని కన్న అవ్వ పూసి పోయిన పసుపు రొట్టెంత మందం ఉంది, ఎంత తోమినా రాదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. గడప తీసి, తలుపు వెడల్పు చేసి, మెట్ల మీద సిమెంటుతో వాలుగా బాట కట్టి, నా మంచం పక్కన పట్టుకోవడానికి గోడకు ఒక కర్ర బిగించాలి. దీనికి సాయం కోసం నేను తిరగని చోటు లేదు. నేను తిరగడమంటే సారక్క తోయడమే. మొదట సంఘానికి పోయాం. సంఘం పెద్ద రాజలింగు పెద్దబాపు మా మాట సగంలోనే లేచాడు. "గడప జోలికి పోకుండ్రి" అని కట్టె పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత మండల ఆఫీసు. అక్కడి గుమాస్తా నగేశ్ మంచివాడు, ఇట్లాంటి ఇళ్ళకు ఇచ్చే సాయం ఒకటుందని తనే దరఖాస్తు నింపాడు. ఇప్పుడతను సమ్మెలో ఉన్నాడు. నేనూ సమ్మెలోనే ఉన్నాను, దీక్ష టెంటులో ముందు వరుసలో నా కుర్చీ. మధ్యాహ్నం దాకా పక్కపక్కనే కూర్చుంటాం. నా కాయితం సంగతి ఎవరైనా ఎత్తితే "తెలంగాణ రాని, నీ గడప దానంతట అదే లేస్తది" అని నవ్విస్తాడు.

ఇక అసలు మాట. ఆ కుర్చీ కదులుతోంది అక్కా.

సారక్క నన్ను మధ్యాహ్నం అన్నానికి ఇంటికి తెచ్చి, కుర్చీకి బ్రేకు వేసి, నీళ్ళ గోలెం పక్కన పెట్టి కూలికి పోతుంది. లోపల నేనొక్కణ్ణే. సరిగ్గా నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళ గడప దగ్గర గరగరమని చప్పుడు. గోరుతో కర్రను గీకినట్టుంటుంది. చెదలనుకున్నాను. పాకుతూ పోయి చూస్తే కుర్చీ గోలెం దగ్గర లేదు. మెట్టుకు చక్రాలు ఆనించి, ముఖం ఇంట్లోకి పెట్టి ఉంది. గాలి లేదు, వాకిట్లో కోడి కూడా లేదు. మర్నాడు చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టించాను. ఇటుకలు అక్కడే ఉన్నాయి, కుర్చీ మెట్టు దగ్గరుంది. మూడోనాడు గడప మీద బోర్లా పడుకుని చెయ్యి చాపి సీటు ముట్టుకున్నాను. గుడ్డ మధ్యలో కిందికి దిగి ఉంది, ఎవరో కూర్చున్నట్టు. తడిగా ఉంది. చెయ్యి వాసన చూసుకుంటే తాజా కల్లు. ముప్పై ఏళ్ళ కింద మన కన్నతండ్రి, బాపు, చెట్టు మీద నుంచి పడ్డప్పుడు కల్లు లొట్టి పగిలి అంగీ అంతా తడిసినప్పటి వాసన.

నీకప్పుడు పద్నాలుగు, నాకు పదేళ్ళు. చెట్టు కింద నుంచి బాపును మంచం మీద మోసుకొచ్చారు. "బయట పోయినోన్ని లోపలికి తీస్కపోవద్దు" అని రాజలింగు పెద్దబాపు అన్నాడు. గడప ముందే పడుకోబెట్టారు. నేను లోపల తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. బాపు పెదవులు కదిలాయి అక్కా. చూశాను, ఎవరికీ చెప్పలేదు. భయమేసింది. ఇంత మంది పెద్దలు చచ్చిపోయాడంటుంటే నేనొక్కణ్ణి కాదంటే కొడతారనుకున్నాను. ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని ఈ రోజు నీకు రాస్తున్నాను.

ఇంకొకటి కూడా దాచాను. ఆఫీసు కాయితం సమ్మెకు ముందే మంజూరైంది. గడప తీయడానికి ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టి ఇవ్వాలి, అంతే. దాన్ని వాసాల సందులో పెట్టించి, పాత బిల్లని సారక్కకు చెప్పాను, నగేశ్‌ను నోరు విప్పొద్దని బతిమాలాను. ఆమె సమ్మె గెలవాలని, ఆఫీసు తెరవాలని మొక్కుతోంది. నేను సంతకం పెట్టను. ఆ గడప ఒక్కటే బాపును బయట ఆపుతోంది. అది తీస్తే లోపలికి వస్తాడు, వచ్చి మొదట నన్నే అడుగుతాడు.

తిట్టాలనిపిస్తే తిట్టు. బావకు దండాలు.

నీ తమ్ముడు
శ్రీశైలం

*

మహదేవపూర్ దగ్గరికెల్లి
8 అక్టోబర్, 2011

తమ్మీ శ్రీశైలం,

నాకు రాయరాదు గదా, నా బిడ్డ తేజస్విని రాస్తంది. నేనెట్ల చెప్తే గట్లనే రాయుమన్న, ఒక్క మాట మార్చొద్దన్న. పిల్ల ఏడ్సుకుంట రాస్తంది, అచ్చరాలు వంకర పోతే ఏమనుకోకు.

సారక్క నడుము ఇరుగుతుంటె కాయితం దాస్తవా? సిగ్గు లేదా నీకు? తిట్టుమన్నవు గదా, తిట్టిన. ఇగ మిగిలింది విను.

నువ్వొక్కనివే చూసిననుకుంటున్నవా? నేను చూసిన. అవ్వ చూసింది. రాజలింగు పెద్దబాపు చూసిండు. వాకిట్ల ఉన్నోళ్ళందరు చూసిన్రు. మంచం దించంగనే అవ్వ బాపు రొమ్ము మీద చెయ్యి పెట్టి 'పానం ఉన్నది, లోపలికి తీస్కపోదాం' అన్నది. 'పోయిండు, గది ఒట్టి అదురుడు' అన్నడు పెద్దబాపు. అప్పటికే డప్పుకు మనిషిని తోలిన్రు, చుట్టాలకు కబురు పోయింది. పోయిండని చెప్పినంక పోలేదని ఎవ్వలు చెప్తరు తమ్మీ? నేను చెంబుతోని నీళ్ళు తెచ్చిన. బాపు నీళ్ళు అడగలే. 'లోపలికి' అన్నడు. ఒక్క చెయ్యి గడప మీదేసి గోర్లతోని గీకిండు. నువ్వు తలుపెనుక ఉంటివి, నీకు చెయ్యి కానరాలే. పొద్దు వంగినంక ఆ చెయ్యి ఆగింది.

అవ్వ సచ్చెదాంక శుక్రారం శుక్రారం ఆ గడపకు అంత మందంగ పసుపు ఎందుకు పూసిందో ఎన్నడన్న సోంచాయించినవా? మనల్ని ముట్టనిచ్చిందా?

నువ్వు పదేండ్ల పోరనివి. బాపు నిన్ను అడుగుడేంది? అడుగుతె మమ్ముల అడగాలె. సారక్కకు అన్ని చెప్పు. ఆఫీసు తెరిచెదాంక ఆగకు. గీ ఉత్తరం తీస్కపోయి రాజలింగు పెద్దబాపు ముంగట చదువు. పది మంది ఉన్నప్పుడే చదువు. బస్సులు నడిస్తె నేనే వచ్చి చెప్పుదును.

నీ అక్క ఓదెమ్మ, వేలిముద్ర

*

లింగాల ఘనపూర్ మండలం
22 అక్టోబర్, 2011

అక్కా,

సారక్కకు చెప్పాను. రెండు రోజులు కంచం నా ముందు పెట్టి తను వాకిట్లో కూర్చుని తిన్నది. మూడోనాడు నీ ఉత్తరం నా ఒళ్ళో పెట్టి, తనే నన్ను టెంటు దాకా తోసుకుపోయింది. "చదువు. చదవకుంటె నేనే చదివిపిస్త" అన్నది.

నలభై మంది ఉన్నారు. పాట ఆపమన్నాను. రాజలింగు పెద్దబాపు వెనక గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. "లోపలికి అన్నడు" అన్న దగ్గర ఉత్తరం ఒళ్ళో పెట్టేశాను. నగేశ్ కాయితం తీసుకుని మిగతాది చదివాడు. పెద్దబాపు లేచాడు. ఎనభై దాటిన మనిషి, కట్టె ఊని నిలబడ్డాడు.

"పానం ఉన్నదని నాకు ఎరుకనే" అన్నాడు. "పోయిండని నోట్లకెల్లి ఒక్కసారి ఎల్లినంక మల్ల మింగుడు శాతగాలె. రోజు ఆ తొవ్వల పోకుంట ముప్పయేండ్లు చుట్టు తిరిగి పోయిన."

ఆయనే అక్కడికక్కడ సంఘాన్ని కూర్చోబెట్టాడు. పని అయ్యేదాకా ఇంటికొక్క చెట్టు నా పేరు మీద గీయాలని తీర్మానం. చెట్టెక్కే గౌడ తన చెట్టు కల్లు ఇంకొకరికి ఇవ్వడమంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. ఇరవై రెండు ఇళ్ళ లొట్లు పొద్దున్నే మన వాకిట్లో దిగేవి, సారక్క అమ్మి సిమెంటు తెచ్చేది. ఇసుక వాగు నుంచి వచ్చింది. నగేశ్ ప్యాంటు మడిచి తాపీ పట్టాడు. సమ్మెలో ఉండి పని చేస్తున్నావేమని ఎవరో ఎగతాళి చేస్తే, "గిది ఆఫీసు పని గాదు, గందుకే చేస్తున్న" అన్నాడు. వాలు బాట ఆరింది, తలుపు వెడల్పయింది. చివరికి గడప మిగిలింది.

"మిట్ట మధ్యాహ్నమే తీద్దాం" అన్నాడు పెద్దబాపు. గడ్డపార ఆయనే పట్టాడు. గడప కదలగానే అవ్వ పసుపు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. దాని కింద కర్రలో నాలుగు గీతలు. బయటి అంచు నుంచి లోపలికి, పక్కపక్కన, లోతుగా. సారక్క కొంగుతో తుడిచింది.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టబోతుంటే పెద్దబాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు నువ్వు గాదు" అన్నాడు. ఖాళీ కుర్చీ వెనక నిలబడ్డాడు. బాపును పేరు పెట్టి పిలిచాడు.

"మొగిలీ, లోపలికి రా. ఆలిశమైంది. తప్పు నాది."

తోశాడు. కుర్చీ కదల్లేదు. నగేశ్ వంగి బ్రేకు చూశాడు, వేసి లేదు. అతనూ ఇంకో గౌడన్నా చెయ్యి వేశారు. ముగ్గురు మనుషులు చెమటలు కక్కుతూ ఖాళీ కుర్చీని బాట మీదికి ఎక్కించారు అక్కా. సీటు గుడ్డ మధ్యలో కిందికి దిగి ఉంది. వాకిట్లో ఉన్న వాళ్ళందరూ చూశారు. ఈసారి చూడలేదని ఎవరూ అనలేదు. గడప ఉన్న చోటు దాటి ఇంటి నడుమకు రాగానే కుర్చీ ఒక్కసారిగా తేలికై ముందుకురికి గోడకు తగిలింది, ముగ్గురూ తూలి పడబోయారు. సీటు బిగుసుకుని చదునుగా ఉంది. సారక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ చోట పెట్టింది. సాయంత్రానికి చెంబు ఖాళీ. ఎండకు ఇగిరి ఉంటాయన్నాడు నగేశ్, ఇంట్లోకి ఎండ ఎక్కడ పడుతుందో మాత్రం చెప్పలేదు.

అప్పటి నుంచి కుర్చీ పెట్టిన చోటే ఉంటోంది. గరగర కూడా లేదు. సారక్క నన్ను ఎత్తడం మానేసి నాలుగు రోజులు, నడుము కాస్త నయం. కాయితం మీద సంతకం పెట్టాను. సమ్మె ముగిశాక నగేశ్ తీసుకుపోతాడు, ఆ సాయంతో స్నానాల గది కట్టుకుంటాం. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదని ఇప్పుడు నిజంగానే రాయగలను.

గడప కర్రను వాగులో వదలమన్నారు. నేను ఒప్పుకోలేదు. కోసి, నా మంచం పక్కన గోడకు అడ్డంగా బిగించమన్నాను. పట్టుకుంటే నా నాలుగు వేళ్ళు ఆ నాలుగు గీతల్లో పడతాయి. కొంచెం ఎడం ఎక్కువ, బాపు చెయ్యి పెద్దది కదా. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని పట్టుకుని, మంచం మీద నుంచి కుర్చీలోకి మొదటిసారి నా అంతట నేనే జరిగాను. నా బరువు సగమే ఉన్నట్టనిపించింది. మిగతా సగం ఎవరు పట్టుకున్నారో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నీ తమ్ముడు
శ్రీశైలం