చక్రపురంలో ఎదురిల్లు

విజయనగరం,
ఆదివారం

ప్రియమైన ఉపేంద్రకు,

మూడు రోజుల సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమ్మేళనం ఈ రోజుతో అయిపోయింది. ఎప్పటిలాగే పొద్దున్న హాలు తెరిచారు. మీ అక్క చేసిన చక్రపురాన్ని బల్ల మీద నిలబెట్టి మోటారు వేశాను. భోజనాల దాకా బాగానే తిరిగింది. అంతరిక్షంలో తిరిగే ఊరికి నమూనా అని చెబితే ఇక్కడ ఎవరికీ వింతగా లేదు. చక్రం లోపలి అంచు మీద ఇళ్లు, పొలాలు. నట్టనడుమ సూర్యుడికి బదులు దీపం. తిరుగుతున్నంతసేపే అక్కడి మనుషులకు బరువుంటుందని, ఆగితే తేలిపోతారని క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

గజపతినగరం నుంచి వచ్చిన ఒకాయన గ్రహాంతరవాసి వేషంలో, నెత్తిన రేకు కొమ్ములు పెట్టుకుని అడిగాడు.

"మాస్టారూ, ఈ ఊర్లో వాన పడతాదా?"

"పడదండి. కుళాయి నీళ్లే."

"అయితే మావూరే. ఇంత దూరం ఎగిరెళ్లడం ఏటికి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

ఒకమ్మాయి, అరుగు మీద కూర్చుని తల పైకెత్తిన ఆడమనిషి బొమ్మను చూపించి, "ఈవిడ ఏటి సూస్తన్నాది?" అంది. దీపాన్ని అన్నాను.

ఒక ఇల్లు మీ అక్క పూర్తి చేయలేకపోయింది. పైకప్పు లేదు, లోపల ఖాళీ. చూడ్డానికి బాగోదని ఇక్కడికి తెచ్చే ముందు దాని మీద పలుచటి చెక్క పలక వేసి లక్కతో మూశాను. చక్రం ఒక పక్కకి తూగుతోందని రెండో పక్క సీసం ముక్క అతికించాను, మీ ఇంట్లో చేసే వీణలకు మెట్లు నిలిపే మైనంతో. మధ్యాహ్నం దీపం వేడికి మైనం మెత్తబడి సీసం ఊడిపడింది. చక్రం బల్లకి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మోటారు కట్టేశాను. మళ్లీ వేయలేదు.

చక్రాన్ని హైదరాబాదులో తమ ప్రదర్శనశాలలో శాశ్వతంగా ఉంచుకుంటామని నిర్వాహకురాలు మహతి అడిగింది. సరేనన్నాను. శనివారం బండి వస్తుంది. మీ అక్క పోయాక దుమ్ము తుడవడం తప్ప దానికి నేను చేసిందేమీ లేదు.

ఫోను ఎత్తలేదని కోప్పడకు. నీతో మాట్లాడితే మీ అక్క మాటే వస్తుంది, అది ఫోనులో నా వల్ల కాదు. రాయగలుగుతున్నాను. ఇది బొబ్బిలి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

నీ బావ,
కూర్మనాథం

బొబ్బిలి,
మంగళవారం

బావకి నమస్కారం.

నీ ఉత్తరం సదివి ఉలి కింద పెట్టీసాను. పలక ఎవలు ఎయ్యమన్నారు నిన్ను? దీపం పక్కన మైనం పెట్టినోడిని నిన్నే సూసాను. అన్నేళ్లు ఫిజిక్సు సెప్పావు, మైనం కరుగుతాదని నీకు ఎవలూ సెప్పలేదా?

ఇది ఇను. మనింట్లో వీణ మీద పలక మూసే ముందు, ఆ వీణ ఎవలిదో ఆల చేత ఒక ఉలి దెబ్బ ఏయిస్తాం. అక్క కూడా ఈ ఇంటి పిల్లే కదా. ఒకే పనస దుంగలోంచి చక్రం తీశాక ఒక ఇల్లు ఖాళీగా ఉంచీసింది. "ఇది మీ బావది. ఆయన బొమ్మ ఆయనే సెక్కుకోవాల" అంది.

"బావ సేతికి ఉలిస్తే ఏలు తెగ్గోసుకుంటాడక్కా" అన్నాను.

"తెగనీరా. అప్పుడైనా సేతిలో పుస్తకం కింద పెడతాడు" అని నవ్వింది.

నీ బొమ్మకని కొయ్యముక్క కోసి, కంసాలి త్రాసులో తూచి, ఆ బరువుకే చక్రాన్ని సరిచేసింది. ముక్క నా దగ్గరే ఉన్నాది. దినాలప్పుడు సెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత నువ్వు ఫోను ఎత్తలేదు. చక్రం ఒక పక్క బరువెక్కలేదు బావా. ఇంకో పక్క నువ్వు లేవు.

నీ బావమరిది,
ఉపేంద్ర

విజయనగరం,
బుధవారం

ప్రియమైన ఉపేంద్రకు,

ముక్క పంపవద్దు. నా చేతకాదు. మహతికి మాట ఇచ్చాను. వాళ్ల దగ్గర ఇంజనీర్లున్నారు. బరువెంతో నువ్వు రాస్తే అంత సీసం పెట్టుకుంటారు.

అన్నం తింటున్నాను. అడుగుతావని ముందే రాస్తున్నాను.

కూర్మనాథం

బొబ్బిలి,
గురువారం

బావా,

బరువు సెప్పను. ముక్క ఈ బస్సులోనే పంపుతున్నాను. ఉలి కూడా. అది అక్కది. పిడి నీ సేతికి సిన్నదవుతాది, సరిపెట్టుకో.

చక్రం ఇస్తే ఇచ్చీ. అడ్డు పడను. ఇచ్చే ముందు ఒక్క పని సెయ్యి. తలెత్తిన ఆడమనిషి ఉన్నాది కదా, నడుమనున్న దీపం ఊడదీసి, ఆవిడ పక్కన కన్ను పెట్టి, ఏటి సూస్తన్నాదో నువ్వే సూడు.

ఉపేంద్ర

విజయనగరం,
శుక్రవారం

ప్రియమైన ఉపేంద్రకు,

దీపం తీసి చూశాను.

చక్రంలో ఉన్నవాళ్లకు నెత్తిన ఆకాశం ఉండదు. తలెత్తితే అవతలి అంచు మీది ఇల్లు కనబడుతుంది. ఈ మాట మూడు రోజులూ వచ్చినవాళ్లందరికీ నేనే చెప్పాను. దీపం అడ్డు లేకపోతే ఆమె చూపు తిన్నగా ఎదురింటికి వెళుతోంది. అక్కడ నేను వేసిన పలక ఉంది.

మహతికి ఫోను చేశాను. చక్రం ఇవ్వనన్నాను. "వచ్చే ఏడు మళ్లీ తెస్తారా మాస్టారూ?" అంది. అది సరిగ్గా తిరిగితే తెస్తానన్నాను.

ముక్క చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద బరువేమీ కాదు. చెక్కితే ఇంకా తగ్గుతుంది. రాలే పొట్టును మీ అక్క లెక్కలోకి తీసుకుందో లేదో నువ్వు రాయలేదు. తీసుకోకపోతే పొట్టు కూడా ఆ ఇంట్లోనే పోస్తాను.

పిడి నిజంగానే చిన్నది.

రేపు పొద్దున్నే చాకు కాల్చి, లక్క కరిగించి, ఆ పలక తీస్తాను.

నీ బావ,
కూర్మనాథం