ఉతికిన రక్తానికి పరీక్ష

పెద్దాసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మెడలోని గ్రంథుల ఆపరేషను జాబితా నుండి కొట్టివేసిన నా పేరును తిరిగి చేర్చుట గురించి.

వృత్తిరీత్యా టైలరునైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నా మూత్రపిండాలు రెండూ చేతులెత్తేసినందున తమ ఆసుపత్రిలోనే డయాలసిస్ చేయించుకొనుచున్నాను. రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి, మెడలోని గ్రంథులు వదిలే పి.టి.హెచ్. అను హార్మోను హద్దు మీరి, నా ఎముకల్లోని కాల్షియాన్ని తోడేస్తున్నదని కిడ్నీ డాక్టరు గారు సెలవిచ్చిరి. మొన్న తుమ్మితే పక్కటెముక విరిగినది. ఒళ్ళు కుంగిపోయి నా ప్యాంట్లు నాకే పొడవయినవి. నేనే మడిచి కుట్టుకొనుచున్నాను.

2. ఆపరేషనుకు తాజా రక్తపరీక్ష కావలెను. నేను డయాలసిస్ మిషను ఎక్కకముందే ఆ రక్తం తీయవలెను. తీసినదానిని ల్యాబు కిటికీ వద్ద రోగి స్వయంగా అందజేయవలెనని తమ ఉత్తర్వు. కిటికీ తెరిచేసరికి నేను మిషను మీద ఉందును. డయాలసిస్ లేని రోజున వెళ్ళగా, మా వార్డు వంతు ఇవాళ కాదనిరి. చివరకు నా భార్య రక్తపు గొట్టాన్ని మంచుముక్కల డబ్బాలో పెట్టుకొని పరుగున వెళ్ళినది.

"మనిషేడమ్మా?"

"మిషను మీదున్నాడు బాబూ."

"దిగాక రమ్మను."

"దిగాక తీస్తే అంకెలు మారిపోతాయంట కదా!"

"అది డాక్టర్లతో చెప్పుకో. రూలు రూలే."

3. చేసేది లేక దిగాకే ఇచ్చితిని. అప్పుడే మిషను కడిగి పంపిన రక్తం. రిపోర్టు ముచ్చటగా వచ్చినది. "అన్నీ తగ్గాయి, ఇక కోత ఎందుకు?" అని ఆపరేషను డాక్టరు గారు నా పేరు కొట్టివేసిరి. అయ్యా, మరకల చొక్కాను ఉతికించి తెచ్చి, మరక ఏదయ్యా అంటే నేనేం చూపించను?

4. కిడ్నీ డాక్టరు గారు ఆపరేషను డాక్టరును అడగమందురు. ఆయన కొత్త రిపోర్టు తెమ్మందురు. ల్యాబు వారు నన్నే రమ్మందురు. నేనేమో చేతికి సూదులతో కదలక పడి ఉందును. ఎటు తిరిగినా గోడేనండీ. భయమేస్తోంది. నాకింకా మిషను తొక్కాలని ఉంది, నా కుట్టుమిషను.

కావున, మిషను ఎక్కకముందు తీసిన నా రక్తాన్ని ఒక్కసారి నా భార్య చేతి మీదుగా పుచ్చుకొనునట్లు ఉత్తర్వు దయచేసి, ఈ అభాగ్యుని మొర చిత్తగించవలెను.

ఎముకలు నిలబెట్టినంత కాలం
తమ విధేయుడు,
డయాలసిస్ వార్డు, తలుపు పక్క మంచం.

తా.క.: అయ్యా, నేను ఆయన భార్యని. సంతకం చేయబోతుంటే ఆయన మణికట్టు దగ్గర టప్పుమంది. అందుకే రెండో చేత్తో వేలిముద్ర వేయించాను. ఎక్స్‌రే గదికి నేను పరిగెత్తితే, ఆ రక్తం రిపోర్టే చూసి, ఎముకలు బాగానే ఉన్నాయిగా, ఎందుకొచ్చావు అంటున్నారు. ఆయన్ని మంచం మీంచి లేపాలండీ. ఎక్కడ పట్టుకుంటే విరగదో ఎవరూ చెప్పట్లేదు. మీరైనా చెప్పండి.