ఆరో పాటలో చిటపట

గ్వాదలహారా,
4 ఫిబ్రవరి 1992

కబోర్కా వాస్తవ్యులు శ్రీ ఎవరిస్తో బోహోర్కెస్ గారికి,

అయ్యా, మీ ‘పోల్వో మాన్సో’ బృందం మొదటి ఎల్పీ రికార్డు ‘నీడ లేని ఊరు’ తాలూకు టేపు మా ఫ్యాక్టరీకి క్షేమంగా చేరింది. డబ్బాలో గుప్పెడు ఇసుక కూడా వచ్చింది. దాన్ని పొట్లం కట్టి ఉంచాం, కావాలంటే తిప్పి పంపుతాం.

నాణ్యత పరీక్షకుడిగా రెండు లోపాలు మనవి చేస్తున్నాను. ఒకటి, మీ టేపు యంత్రం బెల్టు సాగిపోయినట్టుంది. ఇసుకలో దిగబడిన లారీ పైకి రాబోయి మళ్లీ దిగబడుతున్నట్టు నడుస్తోంది సంగీతం. అందుకని వేగం పెంచి నమూనా రికార్డు తీశాను. రెండు, మొదటి నుంచి చివరిదాకా మూకుట్లో పంది కొవ్వు వేయిస్తున్నట్టు ఒకటే చిటపట. అదీ శుభ్రం చేశాను. విని, సంతకం చేసి పంపితే మూడు వందల ప్రతులూ అచ్చువేస్తాం.

ఇట్లు మీ విధేయుడు,
వెన్సెస్లావో ఉర్రూతియా

తా.క.: రెండో పాటలో గాయకుడు నాలుగో నిమిషానికి గాని రాలేదు. ఆ రోజు బస్సు తప్పిపోయిందా?


కబోర్కా,
15 ఫిబ్రవరి

నాణ్యత గారికి,

తమరి నమూనా విన్నాను. ఎండిపోయిన నదిలో జనరేటరు పెట్టుకుని, మూతపడ్డ పత్తి మిల్లు షెడ్డులో మాడిపోతూ నాలుగేళ్లు చేసిన రికార్డిది. తమరు ఒక్క పూటలో దాన్ని పెళ్లి బ్యాండు చేసి పంపారు. మా అమ్మ రొట్టెలు కాలుస్తున్నదల్లా లేచి వచ్చి నడుం ఊపింది. మా పాటకి ఆవిడ కదలడం ఇదే మొదలు. ఆ అవమానం ఈ జన్మకి మరిచిపోను.

అయ్యా, ఇది ఎడారి రాక్. ఇక్కడ ఎండలో ఎవడూ పరిగెత్తడు. బెల్టు బాగానే ఉంది. ఆ వేగమే మా వేగం. ఇక తమరు శుభ్రం చేసిన ఆ చిటపట నా గిటారు. దానికి ఆ గొంతు రావాలని స్పీకరు అట్టని బ్లేడుతో చీల్చాను. ప్రతి పాటకీ ఏ వాద్యం ఎంత వినపడాలో నేనే, ఈ చేతుల్తో సర్దాను. ఎక్కడిదక్కడ పెట్టండి.

ఎవరిస్తో బోహోర్కెస్

తా.క.: గాయకుణ్ణి నేనే. ఆలస్యంగా రాలేదు. అక్కడే నిలబడి ఆలోచిస్తున్నాను.


గ్వాదలహారా,
26 ఫిబ్రవరి

శ్రీ ఎవరిస్తో గారికి,

మీ తిట్లు అందాయి. వేగం తగ్గించాను. గిటారు గొంతు గిటారుకి ఇచ్చేశాను.

అయితే నేను చిటపట అన్నది గిటారుని కాదండీ. డ్రమ్ముల పక్కన ఉండే కంచు తాళాల్ని. మొదటి పాటలో ఫరవాలేదు. మూడో పాటకి మూకుడు వేడెక్కింది. ఆరో పాటకి మూకుడు మూకుడంతా మన నెత్తిన పడుతోంది. పళ్లు జివ్వుమంటున్నాయి. ఏ శబ్దం గురించి చెబుతున్నానో మీకు తెలియాలని, ఈ రెండో నమూనాలో మీట తిప్పి సన్నని శబ్దాలన్నీ కోసేశాను. తాళాల జాడే లేదు. ఇది పోల్చి చూసుకోవడానికే, అచ్చుకి కాదు. పోల్చాక తాళాలు ఎంత ఉండాలో మీరే చెప్పండి.

విధేయుడు,
వెన్సెస్లావో

తా.క.: మా ఆవిడ ఒకటో పాట వింది. ఇస్త్రీకి బాగుందంటోంది. అదీ దుప్పట్లకే. చొక్కాలకి ఇంత నెమ్మదైతే మాడిపోతాయట.


కబోర్కా,
9 మార్చి

డాన్ వెన్సెస్లావో గారికి,

మీ ఉత్తరం మొదటి మూడు వాక్యాలు చదివి రికార్డు పెట్టాను. మిగతాది చదవలేదు, చదవాల్సిన పని పడలేదు. ఇదీ మా రికార్డు! మేం వాయించింది వాయించినట్టు వచ్చింది. ఒక్క పిసరు మారలేదు. తలుచుకుంటే మీకూ పని వచ్చు.

అందరినీ కూర్చోబెట్టి వినిపించాను. డ్రమ్ములు వాయించేది మా తమ్ముడు లిబ్రాదో. పాట వినకుండా నా మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

“అన్నయ్యా, నిజంగా బాగుందా నీకు?” అన్నాడు.

“చెవులున్నవాడికి ఎవడికైనా బాగుంటుందిరా,” అన్నాను.

లేచి బయటికి పోయాడు. వాడంతే, మెచ్చుకోలు తట్టుకోలేడు. సంతకం చేసిన కాగితం జతపరిచాను. మూడు వందలూ అచ్చు కొట్టండి.

మీ మిత్రుడు (ఇక నుంచి),
ఎవరిస్తో

తా.క.: మీ ఆవిడకి నా తరఫున ఒక ప్రతి ఇవ్వండి. చివరి పాట పద్నాలుగు నిమిషాలు. పరుపు కూడా ఇస్త్రీ చేసుకోవచ్చు.


గ్వాదలహారా,
17 మార్చి

బాబూ ఎవరిస్తో,

ఇది ఆఫీసు కాగితం కాదు, ఇంటి నుంచి రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదువు.

నువ్వు సంతకం చేసిన రికార్డులో తాళాలు లేవు. పూర్తిగా తీసేసి పంపాను. ఆ మాట పోయిన ఉత్తరం నాలుగో వాక్యంలో మొదలవుతుంది.

నేను అచ్చు యంత్రాల దగ్గర ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను. కుడి చెవి పోయింది. ఎడమ చెవే ఇంకా జీతం తెస్తోంది. కుడి చెవికి ముందు పిచ్చుకలు పోయాయి. ఊళ్లో పిచ్చుకలు తగ్గిపోయాయని మా ఆవిడతో అన్నాను కూడా. తర్వాత గిన్నెల చప్పుడు. ఆ తర్వాత పిల్లల మాటలు. సన్ననివి ముందు పోతాయి బాబూ, లావువి చాలాకాలం ఉంటాయి. అందుకే ఏమీ పోలేదనుకుంటాం. నువ్వు పాటపాటకీ తాళాలు పెంచుకుంటూ పోయింది నీకు వినపడక. ఆ పెంచినవి జనం చెవులు కోస్తున్నాయి. ఎర్మోసీయో నగరానికి వెళ్లి చెవి డాక్టరుకి చూపించుకో.

నీ మేలుకోరే,
వెన్సెస్లావో

తా.క.: నీ సంతకం కాగితం నా సొరుగులో దాచి, పోయిందని పైవాళ్లకి చెప్పాను. మా ఆఫీసులో కాగితం దొరికిందంటేనే కంగారు పడతారు.


కబోర్కా,
2 ఏప్రిల్

డాన్ వెన్సెస్లావో గారికి,

మీ ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్లీ చదివాను.

లిబ్రాదోని షెడ్డుకి తీసుకెళ్లాను. వాడికి వీపు పెట్టి నిలబడి “కొట్టరా” అన్నాను. ఏమీ లేదు. “కొట్టవేంరా?” అని అరిచాను. వెనక్కి తిరిగి చూస్తే వాడి చేతిలో పుల్ల ఉంది. తాళం ఊగుతోంది.

“ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?”

“రెండేళ్లు, అన్నయ్యా.”

“నోట్లో ఏం పెట్టుకున్నావురా రెండేళ్లు?”

“చెబితే గిటారు కింద పెట్టేస్తావని...”

రెండేళ్లుగా చెవుల్లో దూది పెట్టుకుని నా వెనక కూర్చుని వాయించాడు. నేను ఊరందరి ముందూ “ఇంకా గట్టిగా కొట్టరా, చచ్చినోడా” అంటుంటే తలూపాడు. మా పాట వినడానికొచ్చినవాళ్లు పళ్లు బిగించుకుని కూర్చుంటే పరవశం అనుకున్నాను. వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నాను. పోయాడు. అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఒకవేళ మాట్లాడుతోందేమో, నాకు తెలియదు.

రికార్డు అచ్చువేయకండి. టేపు తగలబెట్టండి.

ఎవరిస్తో

తా.క.: ఎర్మోసీయో డాక్టరు ఏదో అడిగాడు. అవునన్నాను. మళ్లీ అడిగాడు, మళ్లీ అవునన్నాను. బయటికొచ్చి చీటీ చదివితే తాగుబోతునని రాసి ఉంది.


గ్వాదలహారా,
14 ఏప్రిల్

బాబూ ఎవరిస్తో,

టేపు తగలబెట్టలేదు. ఎందుకో చెప్పాలంటే నేనిచ్చిన మాట ఒకటి తప్పాలి. తప్పుతున్నాను.

నీ టేపు మాకు చేరడానికి వారం ముందు, జనవరిలో, నా పేరున ఒక ఉత్తరం వచ్చింది. కింద సంతకం లిబ్రాదో బోహోర్కెస్. ఇలా రాశాడు: “అయ్యా, మా అన్నయ్య పంపే టేపులో తాళాలు మరీ ఎక్కువగా ఉంటాయి. ఆయనకి వినపడదు. ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. మీరు ఏదో ఒక వంక పెట్టి తాళాల దగ్గరికి తీసుకురండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు చెబితే వాళ్లని తిట్టుకుంటాడు. మీకు అలవాటే అనుకుంటాను. నేను రాసినట్టు మాత్రం ఎప్పటికీ తెలియకూడదు.”

చిటపట అని నేను మొదలుపెట్టింది ఆ మాట మీదే. వేగం సంగతి మాత్రం వాడు చెప్పలేదు, అది నా సొంత అభిప్రాయం.

నువ్వు పొమ్మన్నవాడు ముప్ఫై గంటలు బస్సులో కూర్చుని ఇక్కడికొచ్చాడు. చేతిలో గుడ్డల సంచీ లేదు, మీ షెడ్డులో ఒక్కో వాద్యం విడివిడిగా తీసిన అసలు టేపులున్నాయి. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని ఆరు పాటలూ సర్దాడు. తాళాలు తప్ప నువ్వు పెట్టింది ఏదీ ముట్టుకోనివ్వలేదు. “అన్నయ్య అక్కడ నాలుగు నిమిషాలు ఊరుకున్నాడంటే ఊరుకోవాల్సిందేనండీ,” అని నాతో దెబ్బలాడాడు. మూడో నమూనా పంపుతున్నాను. నీకు రెండోదానికీ దీనికీ తేడా తెలియదు. తెలిసినవాడు విని, సరే అన్నాడు. సంతకం నీదే కావాలి.

వెన్సెస్లావో

తా.క.: ఇంటికి పొమ్మంటే లిబ్రాదో పోలేదు. సోమవారం మా అచ్చు యంత్రాల దగ్గర పనిలో చేరాడు. నా కుడి చెవి పోయింది అక్కడేనని చెప్పాను. నవ్వి, “మా అన్నయ్యకి తోడుంటానులెండి” అన్నాడు. ఉత్తరమైతే వారం పదిరోజులు పడుతుంది, టెలిగ్రాం ఇవ్వు. ఎంత తిట్టినా ఫరవాలేదు, చివర్లో ఇంటికి రమ్మని మాత్రం రాయి.