ఆరో మజిలీ దగ్గర ఈల వేయవద్దు

పర్యాటక శాఖాధికారి గారి సముఖమునకు,
పాత రేవు వీధి చివర, సముద్రం వైపు మేడలో కాపురముంటున్న బోర్డుల పెయింటరు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: "ఒక్క రోజులో తీరమంతా" విహారయాత్రలో ఆరో మజిలీగా చూపబడుచున్న మా ఇంటి ముందు యాత్రికులు ఈలలు వేయుట – సదరు ఈలలను తక్షణం నిలుపుదల చేయించవలెనని కోరుట – గురించి.

తమకు సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, నేను తమ శాఖకు కొత్తవాడిని కాను. తీరం పొడుగునా తమరు నాటించిన బోర్డులన్నీ నా చేతి రాతే. దీపస్తంభం దగ్గర "మెట్లు నిటారుగా ఉండును, ఆయాసము కలవారు క్రిందనే నిలిచి ఆనందించవలెను" అని వ్రాసినది నేను. కోటలో "ఫిరంగిపై కూర్చుని ఫోటోలు దిగరాదు" అన్నదీ నేనే. జనం దాని మీదే కూర్చుని దిగుతారు. ఫోటోలో నా అక్షరాలు కూడా పడతాయి కనుక నాకేమీ అభ్యంతరం లేదు. శాఖ మీద కోపంతో వ్రాస్తున్నానని తమరు అనుకోకూడదని ఇదంతా చెప్పుకోవడం. కోపం లేకపోలేదు. అయితే దానికంటే భయం ఎక్కువగా ఉంది.

1. యాత్రను గురించి నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. బస్సు ఉదయమే బయలుదేరి దీపస్తంభం, కోట, పరదేశీ నావికుల సమాధులు, గవ్వల ప్రదర్శనశాల, విరిగిన వంతెన చూపించి, చీకటి పడకముందే జనాన్ని తిరిగి దింపుతుంది. పిల్లాపాపలతో వచ్చినవాళ్ళకు అంతకంటే మంచి కాలక్షేపం ఈ చుట్టుపక్కల లేదు. సమాధుల దగ్గర కూడా చల్లటి గాలి వేస్తుంది. వంతెన సగం దాకా పోయి ఆగిపోతుంది, ఆ చివర నిలబడితే కాళ్ళ కింద కెరటాలు కనిపిస్తాయి, పిల్లలకి భలే సరదా. ఆరో మజిలీగా ఒకప్పుడు ఒడ్డున ఇసుకలో కూరుకున్న పాత ఓడ ఉండేది. మొన్నటి వానాకాలం సముద్రం దాన్ని పట్టుకుపోయింది. టిక్కెట్టు మీద "ఆరు వింతలు" అని అచ్చయి ఉంది. ఓడ పోయిందని వింత తగ్గిస్తే జనం ఊరుకోరు కదా. ఇక్కడ మొదలైంది మా ఖర్మ.

2. తమ కార్యాలయం నుండి యథాప్రకారం ఒక చీటీ వచ్చింది. "ఎదురుచూపుల మేడ. సముద్రంలోకి వెళ్ళి తిరిగిరాని భర్త కొరకు ఒక స్త్రీ ఆత్మ నేటికీ ఈ కిటికీలో కనిపెట్టుకొని ఉండును" అని వ్రాయవలెనని ఉత్తరువు. ఎక్కడ నాటుతారో అందులో లేదు. బోర్డులు రాసేవాడు అక్షరాలు చూస్తాడు గానీ అర్థం చూడడు. అర్థం చూస్తూ కూర్చుంటే గీత వంకర పోతుంది. నల్లటి రంగు మీద తెల్లటి అక్షరాలు, "ఆత్మ" చుట్టూ కొంచెం బూడిదరంగు నీడ కూడా వేశాను, ఎవరూ అడక్కుండానే. మేడ కింది నా కొట్లో ఆరబెట్టి ఉండగా మా వదినగారు మెట్లు దిగి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కింద దాకా చదివారు.

"పాపం, ఎవరోగానీ" అన్నారు.

ఆ తర్వాత తమ మనుషులు నిచ్చెన, మేకులు తెచ్చి, ఆ బోర్డును మా గేటుకే బిగించారు. నేను రాసిన అక్షరాలు నా ఇంటి మీదే చదువుకున్నాను.

3. కిటికీలో ఉన్నది ఆత్మ కాదని, మా వదినగారని, ఆమె బతికే ఉన్నారని ఇందుమూలముగా తెలియజేయడమైనది. మా అన్నయ్య రేవులో లాంచీ నడిపేవాడు. గాలివానలో ఎవరినో ఒడ్డుకు చేర్చడానికి వెళ్ళాడు. లాంచీ దొరికింది, అతను దొరకలేదు. ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో వదిన ఎదురుచూసింది, నిజమే. ఆ తర్వాత మానేసింది. అది ఎంత కష్టపడి మానేసిందో పక్కనుండి చూసినవాణ్ణి నేను. అన్నయ్య చొక్కాలన్నీ రేవులో పనివాళ్ళకు పంచిపెట్టింది. వానకోటు ఒక్కటి నా కోసం ఉంచింది. ఆమె ఆ కిటికీ దగ్గర కూర్చునేది వెలుతురు కోసం. దర్జీ కొట్టు వాళ్ళు పంపే చొక్కాలకు బొత్తాలు కుట్టుకోవాలి, మరి సూదిలో దారం ఎక్కాలంటే పగటి వెలుగు కావద్దూ. సముద్రం వైపు కూర్చున్నంత మాత్రాన సముద్రం కోసం కూర్చున్నట్టేనా, అయ్యా?

మొదటి బస్సు వచ్చిన రోజు ఆమె పడీపడీ నవ్వింది. "దయ్యమన్నాక మంచి చీర కట్టుకోవద్దురా? ఈ మాసిన చీరతో కనిపిస్తే మన ఇంటికే కదా నామోషీ!" అని నీలం చీర తీసి కట్టుకుంది. నాకు పెళ్ళి కాలేదు. నా రంగుల వాసనకు ఎవరూ పిల్లనివ్వలేదని ఆమె ఎప్పుడూ వేళాకోళం చేసేది. మేమిద్దరం అలా ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూ రోజులు వెళ్ళదీసుకునేవాళ్ళం. ఆ నవ్వు ఎప్పుడాగిందో నేను కనిపెట్టలేకపోయాను.

4. బస్సు గైడు మంచివాడు. నన్ను బాబాయ్ అంటాడు. చేతిలో మైకుంది, రోజూ అదే కథ చెప్పి విసుగెత్తి ఒక్కో ముక్కా కలుపుతూ పోయాడు. భర్త కోసం ఆమె తలుపుకి గడియ పెట్టదన్నాడు. ఆయన కంచం నేటికీ విడిగా ఉంచిందన్నాడు. చివరికి, వీధి మలుపు తిరగగానే ఆయన ఈల వేసేవాడని, ముందు పొట్టిగా, చివర సాగదీసి, అది వినగానే ఆమె మెట్లు దిగివచ్చి తలుపు తీసేదని చెప్పి, మైకులోనే వేసి చూపించాడు.

కొట్లో నేను గీస్తున్న గీత వంకర పోయింది. అది మా అన్నయ్య ఈల.

సాయంత్రం అతన్ని పట్టుకుని నిలదీశాను. "నీకెవరు చెప్పార్రా ఈల సంగతి?"

"ఎవరు చెప్తారు బాబాయ్? 'అంత దూరంలో ఉన్నవాణ్ణి ఆవిడ ఎలా గుర్తుపట్టేది?' అని ఒకాయన అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలిగా! ఈల అన్నా. బాగా పండింది, ఉంచేశా."

"మరి ఆ ఈలే ఎందుకేశావు?"

"నోటికొచ్చింది వేశా. ఏం, బాలేదా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. చెప్పి ఉంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

5. అదిగో, అప్పటి నుండి యాత్రికులందరూ ఈల వేయడం మొదలుపెట్టారు. "వేయండి, వేసి చూడండి, అదృష్టముంటే కనిపిస్తుంది" అని గైడే పురమాయిస్తాడు. పెద్దవాళ్ళు, పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ఈల రానివాళ్ళు కూడా నోట్లో వేళ్ళు పెట్టుకుని వేస్తారు. వదిన కిటికీలోకి వస్తుంది. కింద కేకలు, చప్పట్లు. ఆ తర్వాత జరిగేది వాళ్ళెవరూ చూడరు, బస్సు వెళ్ళిపోతుంది కనుక. ఆమె కుట్టుపని కింద పడేసి, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగి, తలుపు తీసి నిలబడుతుంది. వీధిలో ఎవరూ ఉండరు. కాసేపు అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసి పైకి వెళ్తుంది. గడియ పెట్టదు. గైడు చెప్పినట్టే.

"వదినా, వాళ్ళు తమాషాకి వేస్తున్నారు" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"అందరూ తమాషాకే వేస్తున్నారని నీకెలా తెలుసు? అంతమందిలో ఒక్కడు నిజంగా వేసి ఉండొచ్చుగా" అంది. మళ్ళీ తనే, "ఊరూపేరూ తెలియనివాళ్ళు రోజూ వచ్చి ఆయన వస్తాడని చెప్పిపోతున్నారు. ఇంట్లో ఉన్నవాడివి, నువ్వు ఒక్కనాడైనా చెప్పావా?" అంది.

6. ఇప్పుడు అన్నయ్య కంచం అటక మీది నుంచి దిగింది. బల్ల మీద నా కంచానికి ఎదురుగా పెడుతుంది. ఒకనాడు కదిలిపోతున్న బస్సు కిటికీలోంచి ఎవడో ఈల వేస్తే, ఆ ఈల వెంటబడి వెళ్ళింది. ఊరంతా గాలించి, విరిగిన వంతెన మీద కనుక్కున్నాను. పలకలు అయిపోయే చోట, "ఇక్కడితో ఆగవలెను" అని నేనే రాసిన బోర్డు దాటి నిలబడి ఉంది. నీలం చీర గాలికి పటపటా కొట్టుకుంటోంది. పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనని పిలవలేదు. చప్పుడు కాకుండా వెళ్ళి చేయి పట్టుకున్నాను. "అటు నుంచే వేశాడు" అని నీళ్ళ వైపు చూపించింది. ఇంకొక ఈల పడి ఉంటే ఆమె ఇంకొక అడుగు వేసేది. నా భయమంతా ఆ అడుగును గురించే.

7. ఈ విషయమై తమ కార్యాలయానికి కాళ్ళరిగేలా తిరిగాను. గుమాస్తాగారు మర్యాదస్తులు. ఫైలు చూసి, "రికార్డు ప్రకారం ఆ మేడలో ఎవరూ ఉండరండీ" అన్నారు.

"నేనున్నానండీ, మా వదిన ఉంది" అన్నాను.

"ఉన్నారనుకోండి. బతికే ఉన్నారని జనానికి తెలిస్తే నిరుత్సాహపడరూ? అన్నిట్లోకీ ఆరోదే బాగుందని యాత్రికులు మా పుస్తకంలో రాసిపోతున్నారు. పోనీ ఒక పని చేయండి. ఆవిడ సజీవంగా ఉన్నట్టు ధ్రువపత్రం ఇప్పిస్తాం. ఆవిణ్ణి ఒక్కసారి ఇక్కడికి తీసుకురండి."

ఇంటికి వచ్చి అడిగితే వదిన రానంది. "నేనటు వెళ్ళాక ఆయన ఇటొస్తేనో?" అంది. అందువల్ల ఆమె బతికి ఉన్నట్టు నేను రుజువు చేయలేకపోయితిని.

కావున తమరు దయదలచి, మా ఇంటి ముందు ఎవరూ ఈల వేయకుండా ఉత్తరువులు ఇప్పించవలెను. అది కుదరని పక్షంలో, కథ చివర గైడుగారి చేత ఒక్క ముక్క చెప్పించవలెను: "ఆయన వచ్చాడు. ఆమె కిటికీ మూసి లోపలికి వెళ్ళిపోయింది." అంతే. రోజూ పైకి వినబడేలా మైకులో చెబితే చాలు. మైకు మాట ఆమె నమ్ముతుంది. బోర్డు మళ్ళీ రాయవలసి వస్తే కూలీ లేకుండా రాసిచ్చెదను.

ఈ విన్నపాన్ని తమరు చిత్తగించవలెను. చిత్తగించే లోపు బస్సు వస్తే, కనీసం హారన్ కొట్టమని చెప్పవలెను, ఈలలు అందులో కలిసిపోతాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
తమ బోర్డులు రాసేవాడు

తా.క.: అయ్యా, పై అర్జీ రాసి కవరులో పెట్టేలోగా ముసురు పట్టింది. సముద్రం బాగోలేదని తమరు యాత్ర నిలిపివేశారు. హమ్మయ్య అనుకున్నాను. ఈల లేదు, మైకు లేదు. నేను కోరుకున్నది అదే కదా.

వదిన తిండి మానేసింది. కిటికీ దగ్గర నుంచి లేవదు, సూది ముట్టదు. "ఈల ఎందుకు వేయడం లేదు? నేను తలుపు తీయడం ఆలస్యం చేశాననా?" అని ఒకటే మాట. బతిమాలాను, కసిరాను, ఏడ్చాను కూడా. చెంచాతో నీళ్ళు పట్టిస్తే పెదాల పక్కనుంచి కారిపోయాయి.

నిన్న సాయంత్రం మందుల కోసం వెళ్ళాను. వాన కనుక అన్నయ్య కోటు వేసుకున్నాను. తిరిగివస్తూ వీధి మలుపులో ఆగాను. కిటికీలో ఆమె తల వాలిపోయి ఉంది. నేనేం చేస్తున్నానో నాకు తెలుసు, తెలియక చేశానని తమకు అబద్ధం చెప్పను. ఈల వేశాను. ముందు పొట్టిగా, చివర సాగదీసి. చిన్నప్పుడు అన్నయ్యే నాకు నేర్పాడు.

ఆమె మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. తలుపు తీసింది. నా వెనకెవరూ లేరు. నన్నే చూసింది.

"వచ్చారా! ఇంతగా తడిసిపోయారేమండీ? ఉండండి, తువ్వాలు తెస్తాను" అంది. మా అన్నయ్యతో తప్ప ఇంకెవరితోనూ ఆమె ఆ గొంతుతో మాట్లాడగా నేను వినలేదు. వదినా అని పిలవకుండా తువ్వాలు అందుకున్నాను. అన్నయ్య కంచంలో వడ్డించింది, తనూ తింది, కడుపు నిండా తింది. నా కంచం తీసి అటక మీద పెట్టేసింది. తర్వాత మేడ మీదికి వెళ్ళి కిటికీ మూసింది. పని ఉందని చెప్పి నేను కొట్లో బోర్డుల మధ్య పడుకున్నాను. పైన ఆమె కూనిరాగం తీస్తోంది. అది విని ఎన్నేళ్ళయిందో. సంతోషంతోనో సిగ్గుతోనో నాకు నిద్ర పట్టలేదు.

ఈ రోజు పొద్దున "మీ తమ్ముడు కనిపించడేమండీ, ఎక్కడికెళ్ళాడు?" అని నన్నే అడిగింది. బోర్డు రాయడానికి ఊరెళ్ళాడన్నాను.

ఎండ కాసింది. రేపు బస్సు నడుస్తుందని గైడు చెప్పిపోయాడు. అయ్యా, పైన రాసినవన్నీ కొట్టివేయండి. బోర్డు ఉండనివ్వండి, ఆత్మ అనే చెప్పించుకోండి, ధ్రువపత్రం వద్దు. ఈల మాత్రం ఆపించండి. రేపు వీధిలో ఎవరైనా ఈల వేస్తే ఆమె తలుపు తీయడానికి లేస్తుంది. లేచి, ఆ కంచం ముందు కూర్చుని తింటున్న నా వైపు తిరిగి, మీరెవరండీ అని అడుగుతుంది.